పికప్ ముక్కు ఎత్తాలా వద్దా? ఈసారి అన్నీ ముందు సస్పెన్షన్ ప్రశ్నలే

ఈసారి ఉత్తరాలు, మెసేజ్‌లు అన్నీ ముందేసుకు కూర్చుంటే సగానికి పైగా ఒకటే గోల, పికప్ ముందు దిగి వెనక లేచినట్టుంది, లెవెల్ చేయించాలి, ఎలా, ఎంత అని. అందుకని కాలమ్ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. క్లచ్ వాసన, ఏసీ చల్లదనం గురించి రాసినోళ్లు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టండి.

ప్రశ్న (పోరూర్, చెన్నై): నాది ఇసుజు వీ-క్రాస్ ఫోర్ బై ఫోర్. వారమంతా ఆఫీసుకి ఖాళీ బండే, అప్పుడప్పుడు ఒంగోలు దగ్గర మా ఊరెళ్తే తిరిగొచ్చేటప్పుడు బియ్యం బస్తాలు, కొబ్బరికాయలు, మా అమ్మ పెట్టే పచ్చళ్ల జాడీలు అన్నీ వెనకే వేసుకొస్తాం. ఖాళీగా ఉన్నప్పుడు ముందు బాగా కిందకి ఉన్నట్టు కనపడతది, ఫొటోల్లో అసలు బాలేదు. జీపీ రోడ్డులో ఒక షాపతను 2 ఇంచుల స్పేసర్, అంటే స్ప్రింగ్ పైన పెట్టే దిమ్మె, పెడితే లెవెలైపోద్ది, గంటన్నర పని అన్నాడు. పెట్టించెయ్యనా?

జవాబు: ఆగండి సార్. మీ బండి ముక్కు పాడై దిగింది కాదు, దాన్ని కట్టడమే అలా కట్టారు. శ్రీసిటీలో, అంటే మన తడ పక్కన, 2016 నుంచి తయారవుతున్న బండి అది, ముందేమో డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పట్టుకునే పై ఆర్మ్, కింది ఆర్మ్) మీద కాయిల్ స్ప్రింగ్, వెనకేమో కమాన్ పట్టీలు. ఆ కమాన్లు లోడు కోసం లెక్కగట్టినవి కాబట్టి ఖాళీగా ఉంటే వెనక లేచి నిలబడతది, బరువు పడగానే దిగి ముందుతో సమానమవుద్ది. ఇప్పుడు మీరు ఖాళీ బండిని చూసి ముందు పూర్తిగా సమానం చేసేశారంటే ఒంగోలు నుంచి బస్తాలతో వచ్చేరోజు వెనక దిగి ముక్కు ఆకాశం చూస్తది.

చూస్తే ఏమవుద్ది అంటారా, ఒక్క లెక్క చెప్తా. వీ-క్రాస్ వీల్‌బేస్, అంటే ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా దూరం, 3095 మిల్లీమీటర్లు. ముందు 40 మిల్లీమీటర్లు లేపారనుకోండి, 40ని 3095తో భాగిస్తే సుమారు 1.3 శాతం, అంటే 25 మీటర్ల దూరంలో మీ హెడ్‌లైట్ వెలుగు ముందున్న చోటు కంటే 32 సెంటీమీటర్లు పైకి పోద్ది. డిప్ లైటుని మామూలుగా కిందకి వంచి పెట్టేదే ఒక శాతం, శాతంన్నర. ఆ వంపు దాదాపు మొత్తం మీ లెవెలింగే తినేసింది, ఇంకా బస్తాలు ఎక్కలేదు కూడా. ఎన్‌హెచ్ 16 మీద రాత్రిపూట ఎదురుగా బైకు మీద వచ్చేవాడికి నేరుగా కళ్లల్లోకే. డాష్‌బోర్డు మీద లైటు దించే చక్రం ఉంది కదా అంటారు, ఉంది, కానీ అది లోడు కోసం ఇచ్చింది, దాన్ని లిఫ్ట్ సర్దడానికే వాడేస్తే లోడు ఎక్కినప్పుడు తిప్పడానికి ఏం మిగలదు. అందుకే ఎంత లేపినా సరే, గోడ ముందు పెట్టి హెడ్‌లైట్ స్క్రూల దగ్గరే ఎయిమింగ్ చేయించుకోండి. ఇది చెయ్యకుండా బండి బయటికి పంపే షాపు పని సగంలో వదిలేసినట్టే.

ఇక ఆ 2 ఇంచుల మాట. 2 ఇంచులంటే స్పేసర్ మందమా, చక్రం దగ్గర బండి లేచే ఎత్తా? ఇది అడగాల్సిన మొదటి ప్రశ్న, చాలామంది అడగరు. ఈ బండ్లలో షాక్ కింది చివర కింది ఆర్మ్ మీద నడిమధ్యలో ఎక్కడో బిగిస్తారు, చక్రం ఆ ఆర్మ్ చివర ఉంటది, కాబట్టి షాక్ టాప్ మీద ఒక ఇంచు మందం పెడితే చక్రం దగ్గర ఒకటిన్నర నుంచి రెండు ఇంచుల దాకా లేస్తది. నిజంగానే 2 ఇంచుల మందం దూర్చారంటే మూడు, నాలుగు ఇంచులకి పోయి సీవీ జాయింట్లు (ముందు చక్రాలని తిప్పే ఇరుసుల కీళ్లు) వంకర కోణంలో తిరిగి వాటి రబ్బరు బూట్లు చిరుగుతాయి, బాల్ జాయింట్లు చివరంటా వంగిపోతాయి, గుంతలో చక్రం వేలాడినప్పుడు పై ఆర్మ్ పోయి కాయిల్‌కి కొట్టుకున్నా ఆశ్చర్యపోను. ఆ షాపతను మంచోడే అయ్యుండొచ్చు, ఆయన చెప్పింది లేచే ఎత్తే అయ్యుండొచ్చు, అయినా అడిగి రాయించుకోండి.

స్పేసర్లలో కూడా రెండు రకాలు. టాప్ మౌంట్ మీద పెట్టేది ఒకటి, దాంట్లో కాయిల్‌ని ముట్టుకోరు, రైడ్ పెద్దగా మారదు, కాకపోతే షాక్ మొత్తం కిందకి జరుగుతది కాబట్టి పెద్ద గుంతలో బంప్ స్టాప్ (ఆర్మ్ పైకొచ్చి తగిలే రబ్బరు దిమ్మె) కంటే ముందే షాక్ లోపల అడుగంటే ప్రమాదం ఉంది. రెండోది కాయిల్‌కీ పైనున్న ప్లేటుకీ మధ్య దూర్చేది, దాంతో స్ప్రింగ్ ముందే నొక్కుకుని కూర్చుంటది, బండి లేస్తది కానీ చక్రం కిందకి జారే ట్రావెల్ (కదిలే చోటు) తగ్గిపోద్ది, స్పీడ్ బ్రేకర్ దిగగానే టక్ మని శబ్దం వస్తే అదే. ఈ రెండోదానికి స్ప్రింగ్ కంప్రెసర్ కావాలి, అది లేకుండా టాప్ నట్ విప్పబోయే మెకానిక్ కనపడితే బండి సంగతి తర్వాత, మీరు ముందు పక్కకి జరగండి. ఇవి రెండూ కాకుండా కాయిల్ చుట్ల మధ్య ఇరికించే రబ్బర్లు ఉంటాయి, ప్రతి యాక్సెసరీ షాపులో వేలాడుతుంటాయి, చవక, పది నిమిషాల పని. వద్దు. రబ్బరు ఉన్న చోట చుట్టు పనిచెయ్యదు, ఆ పని మిగతా చుట్లు చెయ్యాలి, స్ప్రింగ్ గట్టిపడి చివరికి ఎక్కడో ఒకచోట విరుగుతది.

డబ్బులు పెట్టగలిగితే నా ఓటు మాత్రం మీ బండికే చేసిన కొత్త స్ప్రింగు, దానికి సరిపోయే షాకు కలిపి మార్చడానికే. స్పేసర్ కంటే ఖర్చు చాలా ఎక్కువే, కానీ ట్రావెల్ మిగులుతది. అందం కోసం మాత్రమే అయితే స్పేసరే పెట్టుకోండి, చక్రం దగ్గర 25 నుంచి 30 మిల్లీమీటర్లు లేస్తే చాలు, వెనక కొంచెం లేచి ఉండనివ్వండి, ఆ లేచి ఉన్నదే మీ బియ్యం బస్తాలకి చోటు. నిజం చెప్పాలంటే ఒంగోలు లోడు వేసుకున్న రోజు బండిని పక్కనుంచి ఒక ఫొటో తీసి చూడండి, అప్పటికే సమానంగా ఉంటే అసలు ముట్టుకోవద్దనే అంటా.

కొలవడం గురించి కూడా చెప్పేస్తా, అందరూ నేల మీద నుంచి ఫెండర్ దాకా టేపు పడతారు. దాంట్లో టైర్ గాలి, టైర్ అరుగుదల, నేల వాలు అన్నీ కలిసిపోతాయి. చక్రం మధ్యలో హబ్ సెంటర్ నుంచి నిటారుగా పైనున్న ఫెండర్ అంచు దాకా కొలవండి, నాలుగు చక్రాలకీ రాసుకోండి. నేల మాత్రం సమంగా ఉండాలి, అపార్ట్‌మెంట్ పార్కింగులు చూడ్డానికి సమంగా ఉంటాయి కానీ నీళ్లు పోవడానికి వాలు పెట్టి ఉంటారు. తాపీ మేస్త్రీల దగ్గర పారదర్శకంగా సన్నటి లెవెల్ ట్యూబు ఉంటది చూడండి, నీళ్లు పోసి ఒక కొస ముందు చక్రం దగ్గర, ఇంకో కొస వెనక చక్రం దగ్గర పట్టుకుంటే నీటి మట్టమే చెప్పేస్తది, ఏ లేజరూ అక్కర్లేదు. జాకీ మీద నుంచి దించిన వెంటనే కొలవకండి, నాలుగడుగులు ముందుకీ వెనక్కీ తోలి, బంపర్ పట్టుకుని రెండు మూడు సార్లు ఊపి, బండి కూర్చున్నాక కొలవండి.

బిగించాక రెండు పనులు. కంట్రోల్ ఆర్మ్ బోల్టులు విప్పి ఉంటే చివరి బిగింపు బండి నాలుగు చక్రాల మీద నిలబడ్డాకే. గాల్లో వేలాడుతున్నప్పుడే టార్క్ వేసేస్తే బుష్ రబ్బరు మెలిపడి ఉండిపోద్ది, ఏడాది తిరక్కుండా చిరుగుతది. రెండోది అలైన్‌మెంట్. టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటి సరిచేసి రెండొందలో మూడొందలో తీసుకునేవాళ్లుంటారు, అది చాలదు. ముందు లేచినప్పుడు క్యాస్టర్ తగ్గుతది, అంటే మలుపు తిరిగాక స్టీరింగ్ వదిలితే తనంతట తాను మధ్యకి వచ్చే గుణం తగ్గుతది, హైవే మీద 90 దాటితే బండి తేలుతున్నట్టు ఉంటది. కింది ఆర్మ్ దగ్గర క్యామ్ బోల్టులు ఉంటాయి, క్యాంబర్ (చక్రం పక్కకి వాలే కోణం), క్యాస్టర్ రెండూ అక్కడే సరిచెయ్యాలి, ముందు రీడింగు, తర్వాత రీడింగు ప్రింటు తీసి ఇమ్మనండి. క్యామ్ చివరికి వచ్చేసినా క్యాస్టర్ రావట్లేదంటే మీరు ఎక్కువ లేపారన్నమాట, అప్పుడు పై ఆర్ములు మార్చాలి, ఖర్చు ఇంకో మెట్టెక్కుద్ది.

పెద్ద టైర్ల ఆశ కూడా ఉందని చివర్లో రాశారు. 255/60 ఆర్ 18 ఎత్తు 763 మిల్లీమీటర్లు, 265/60 ఆర్ 18 అయితే 775. తేడా 12, అంటే నేల నుంచి మీకు దక్కేది 6 మిల్లీమీటర్లు. దానికోసం స్పేసర్ అక్కర్లేదు, స్టీరింగ్ చివరంటా తిప్పినప్పుడు లోపలి ప్లాస్టిక్‌కి రాసుకోకుండా ఉందో లేదో చూసుకుంటే చాలు.

ప్రశ్న (రెడ్ హిల్స్, చెన్నై): అన్నా, నా దగ్గర పాత టాటా జెనాన్ ఉంది, నర్సరీ మొక్కలు, మట్టి సంచులు తోలతా. డ్రైవర్ సైడ్ ముందు దాదాపు ముప్పావు ఇంచు దిగి ఉంది. మా మెకానిక్ టోర్షన్ బార్ (కాయిల్ బదులు మెలి తిరిగి బరువు మోసే కడ్డీ) బోల్టు తిప్పితే లేస్తది, పైసా ఖర్చు లేదన్నాడు. తిప్పించమంటావా?

జవాబు: తిప్పొచ్చు తమ్ముడూ, కానీ దిగింది ముందే అని ఎవరు చెప్పారు? నాలుగు కాళ్ల మంచానికి ఒక కాలు పొట్టిదైతే ఎదురు మూల లేస్తది కదా, అట్లానే వెనక కుడి కమాన్ పట్టీ అలిసిపోయినా, విరిగినా ముందు కుడి, ఎడమ ఎత్తుల్లో తేడా కనపడతది. తేల్చుకోవడానికి ఒక పని చెయ్యి. సమంగా ఉన్న చోట, ముందు చక్రాలకి రాళ్లు వేసి, ట్రాలీ జాకీని వెనక డిఫరెన్షియల్ గుండు కింద సరిగ్గా మధ్యలో పెట్టి, రెండు వెనక చక్రాలూ నేల వదిలేదాకా లేపు. ఇప్పుడు వెనక భాగం ఒకే బిందువు మీద ఊగుతుంది, కమాన్ల తేడా ముందుకి రాదు. అప్పుడు ముందు రెండు పక్కలా హబ్ నుంచి ఫెండర్‌కి కొలువు. ముప్పావు ఇంచు తేడా అలాగే ఉంటే దోషం ముందుదే. తేడా పోయిందా, టోర్షన్ బార్ జోలికెళ్లకు, నేరుగా వెనక కమాన్ల దగ్గరికి పో, సెంటర్ బోల్టు, షాకిల్ (కమాన్ కొసని చాసిస్‌కి కలిపే బిళ్ల) బుష్‌లు, మెయిన్ పట్టీ కన్ను దగ్గర పగులు, ఈ మూడూ చూడు. కొలిచేటప్పుడు బండి కిందకి మాత్రం దూరొద్దు, జాకీ మీద నిలబడ్డ బండి అది.

ముందుదే అని తేలితే తిప్పే పద్ధతి ఇది. బరువు మీదుండగా తిప్పకు, మరలు తెగిపోతాయి. చాసిస్ కింద స్టాండు పెట్టి చక్రం వేలాడాక, బోల్టుకి వైరు బ్రష్ కొట్టి, నూనె పోసి కాసేపు వదిలేసి, గ్రీజు రాసి అప్పుడు తిప్పు. బోల్టు తల మీద సుద్దముక్కతో గీత పెట్టుకో, ఎన్ని చుట్లు తిప్పావో రాసుకో, అర చుట్టు తిప్పడం, దించడం, నాలుగడుగులు తోలడం, కొలవడం, మళ్లీ మొదలు. ఓపిక కావాలి. బార్ గట్టితనం దీంతో మారదు, నిలబడే ఎత్తు ఒక్కటే మారతది, ఎంత ఎక్కువ తిప్పితే చక్రం కిందకి జారే ట్రావెల్ అంత పోద్ది. రెండు పక్కలా బోల్టు మరల్లో బాగా తేడా వచ్చిందంటే బార్ అలిసిపోయినట్టు, మార్చెయ్. పుదుపేటలో పాత బార్లు దొరుకుతాయి, తెచ్చేటప్పుడు కుడి, ఎడమ గుర్తు చూసి తెచ్చుకో, ఒకదాని చోట ఇంకోటి వెయ్యకూడదు. అయ్యాక టో చూపించుకోవడం మర్చిపోకు.

ప్రశ్న (సూళ్లూరుపేట): గురువుగారూ, మా పికప్‌కి ముందు, వెనక రెండూ కమాన్లే. నెల్లూరు నుంచి చెన్నైకి ఐసు పెట్టెల్లో రొయ్యలు తోలతాం. ముందు బాగా దిగిపోయి బంప్ స్టాప్‌కి కొడుతోంది. యాక్సిల్‌కీ కమాన్‌కీ మధ్య ఇనప దిమ్మె పెట్టి పొడుగు యూ బోల్టులు వేస్తే లేస్తదంట, వెనక వేస్తారు కదా, ముందు వెయ్యొచ్చా?

జవాబు: వద్దు బాబూ. వెనక వేసేది వేరు. బ్రేకు తొక్కినప్పుడు బరువంతా ముందుకొచ్చి ముందు యాక్సిల్‌ని మెలితిప్పుతది, మధ్యలో దిమ్మె ఉంటే ఆ మెలికకి ఇంకా పొడుగు చెయ్యి ఇచ్చినట్టు, యూ బోల్టు కొంచెం వదులైనా దిమ్మె జారిపోద్ది, స్టీరింగ్ ఉన్న యాక్సిల్ జారితే బండి ఎటు పోద్దో చెప్పలేం.

మీది లెవెలింగ్ కూడా కాదసలు, అలిసిన కమాన్. కొత్త కట్ట వేయించండి. వంపు కట్టిస్తాం అని సుత్తితో కొట్టి ఇచ్చేవాళ్లుంటారు, వేడిచేసి సరిగ్గా టెంపర్ చెయ్యకుండా కొట్టిన వంపు నిలవదు, మళ్లీ దిగుతది. ఒక పట్టీ అదనంగా వేసుకోవచ్చు, ఎత్తుతోపాటు గట్టిదనం కూడా పెరుగుతది కాబట్టి ఖాళీగా వచ్చేటప్పుడు ముందు కుదుపు భరించాలి. ఏది చేసినా డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్సు నుంచి చక్రం వైపు పోయే కడ్డీ) కోణం మారతది, స్టీరింగ్ చక్రం మధ్యలో ఉందో లేదో, గతుకు మీద బండి ఒక పక్కకి లాగుతుందో లేదో చూసుకుని సర్దించుకోండి. అన్నట్టు ఐసు కరిగిన ఉప్పు నీళ్లు పెట్టె లోంచి ఎక్కడికి కారుతున్నాయో ఒకసారి వంగి చూడండి, షాకిల్ మీదకి కారితే కొత్త కట్ట కూడా ఎంతో కాలం ఆగదు.

ప్రశ్న (అంబత్తూర్): ముందు లేపే బదులు వెనక దించితే సమానం అవుద్ది కదా? వెనక కింది లావు పట్టీ తీసేయమంటున్నారు.

జవాబు: ఆ కింది లావు పట్టీ హెల్పర్, ఖాళీగా ఉన్నప్పుడు అది పై పట్టీలకి చాలావరకు ఆనదు, లోడు పడ్డాకే పనిలోకి దిగుతది. తీసేసినా ఖాళీ బండి ఎత్తు దాదాపు మారదు, పోయేది మొయ్యగల శక్తి ఒక్కటే. ఇక వెనక నిజంగానే దించే కిట్లు వేస్తే, లోడుని బట్టి వెనక బ్రేకు ప్రెషర్ మార్చే ఎల్ఎస్‌పీవీ వాల్వు ఉన్న బండ్లలో, అది వెనక దిగిందంటే లోడు ఎక్కిందనుకుని వెనక బ్రేకు ఎక్కువ పంపిస్తది. వానలో ఖాళీ బండి తోక తిప్పుతది.

ప్రశ్న (అంబత్తూర్ నుంచే ఇంకొకరు): మా లేత్‌లోనే అల్యూమినియం స్పేసర్ తిప్పుకోవచ్చా?

జవాబు: తిప్పుకోవచ్చు, అంబత్తూర్‌లో ఉండి బయట కొంటే తప్పే. రెండు ముఖాలూ సమాంతరంగా ఉండాలి, రంధ్రాలకీ అంచుకీ మధ్య లోహం బాగా మిగలాలి. అసలు బోల్టులతోనే సరిపెట్టకండి, నట్టులో కనీసం బోల్టు వ్యాసం అంత మర పట్టాలి, లేకపోతే పొడుగు హై టెన్సైల్ బోల్టులు వెయ్యండి. మన సముద్రపు గాలికి ఇనుముకీ అల్యూమినియానికీ పడదు, మధ్యలో పెయింటో యానోడైజింగో ఉండాలి. ఒకదాని మీద ఒకటి రెండు స్పేసర్లు పెట్టొద్దు, వెల్డింగ్ అసలొద్దు. వెయ్యి కిలోమీటర్ల లోపు ఒకసారి టార్క్ రెంచితో మళ్లీ చూడండి.

ప్రశ్న (వేలచ్చేరి): 2023 డిసెంబర్ మిచౌంగ్ తుపానులో మా వీధి మునిగింది. హైలక్స్ తీసుకున్నా, ముందు ఇంకో ఇంచున్నర లేపితే నీళ్లలో ఇంకా ధైర్యంగా వెళ్లొచ్చా?

జవాబు: హైలక్స్ ఎంత లోతు నీళ్లలో పోగలదో కంపెనీ చెప్పే లెక్క 700 మిల్లీమీటర్లు, మీరు ఇంచున్నర లేపినా ఆ లెక్క మారినట్టు అనుకోవద్దు. ముందున్న గాలి తీసుకునే నోరు కాస్త లేస్తది నిజమే, కానీ వెనక యాక్సిల్, గేర్‌బాక్స్ బ్రీదర్లు (లోపలి గాలి బయటికి పోయే రంధ్రాలు) దాదాపు ఉన్నచోటే ఉన్నాయి, పైగా ఎదురుగా బస్సు వస్తే దాని అల ఒక్కటే ఆ ఇంచున్నర మింగేస్తది. వాన హెచ్చరిక రాగానే కార్లు తీసుకెళ్లి వేలచ్చేరి ఫ్లైఓవర్ మీద వరసగా పెట్టిన మీ పక్కింటివాళ్ల ఆలోచనే నాకు నచ్చింది.

ప్రశ్న (తాంబరం): లెవెలింగ్ చేయిస్తే ఆర్‌సీ, ఇన్సూరెన్స్ గొడవ వస్తుందా? ముందు బుల్ బార్ (బంపర్ ముందు ఇనప చట్రం), వించ్ (తాడు చుట్టి బండిని లాగే యంత్రం) కూడా పెట్టించాలని ఉంది.

జవాబు: 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో రాసిన వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండి మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్ మీద గట్టిగానే తీర్పిచ్చింది. రోడ్డు మీద టేపు పెట్టి ఫెండర్ కొలిచే పోలీసుని నేనైతే చూడలేదు, కానీ ప్రమాదం జరిగాక వచ్చే ఇన్సూరెన్స్ సర్వేయర్ బండి కిందకి వంగి చూస్తాడు, కొత్త స్పేసర్ మెరుస్తుంటే ప్రశ్న వేస్తాడు. అందుకని పెట్టించే ముందే ఇన్సూరెన్స్ వాళ్లకి మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి. వారంటీలో ఉన్న బండి అయితే ముందు సస్పెన్షన్, సీవీ జాయింట్ల వారంటీ మీద సర్వీస్ సెంటర్ మెలిక పెడతదని ముందే అనుకోవాలి.

బుల్ బార్ వద్దు. 2017 డిసెంబర్‌లోనే కేంద్ర రవాణా శాఖ వీటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది, నడిచేవాళ్లకి ప్రమాదం, మీ ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ల లెక్క కూడా తప్పొచ్చు. పైగా అంత ఇనుము ముందు వేలాడదీస్తే ముక్కు ఇంకా దిగుతది, మీరు లేపింది అక్కడికక్కడే సరి. వించ్ నిజంగా అవసరమైతే దాని బరువు ముందే చెప్పి ఆ బరువుకి తగ్గ స్ప్రింగ్ రేటు అడగండి, వించ్ బిగించాకే ఎత్తు కొలిపించుకోండి, అంతకుముందు కొలిచిన కొలతలు దేనికీ పనికిరావు. విప్పిన ఒరిజినల్ స్ప్రింగులు, టాప్ నట్లు స్క్రాపుకి వెయ్యకుండా గోనెసంచిలో కట్టి ఇంట్లో పెట్టుకోండి, బండి అమ్మేటప్పుడు కొనేవాడు అడిగేది వాటినే.